రంగూను చూడనివాడు

రాజుపాలెం దాటి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే ఆ పేటలో గుంటూరు చూడనివాళ్ళు చాలామంది ఉండేవారు. రంగూను తెలియనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. గుంటూరులో ఏముందని అడిగితే ఏవో ఆఫీసులున్నాయట అని ఊరుకునే ముసలమ్మలు, రంగూను మాట ఎత్తితే చాలు, చేతిలో పని పక్కన పెట్టేవాళ్ళు. ష్వేడగాన్ గోపురానికి నాలుగు దిక్కులా నాలుగు మెట్లదారులని, దక్షిణం దారి మొదట్లో తాటిచెట్టెత్తు సింహాలు రెండు కూర్చుని ఉంటాయని, మెట్ల పొడుగునా పూలమ్మే ఆడవాళ్ళు నోట్లో చుట్టలు పెట్టుకుని బేరాలాడతారని వరస తప్పకుండా చెప్పేవాళ్ళు. ఊరి నడిబొడ్డున సూలే గోపురం, దాని చుట్టూ తిరిగే మోటారు బళ్ళు, ఏటి ఒడ్డున బుద్ధుడి తలవెంట్రుకలు దాచిన గుడి, తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్న బుద్ధుడు, ఇవన్నీ వాళ్ళ దొడ్లో ఉన్నట్టే మాట్లాడేవాళ్ళు.

ఇదంతా ప్రేమకుమారి టీచరు పుణ్యం. ఆవిడ అన్న యేసుపాదం రంగూను నుంచి రాసిన పంతొమ్మిది ఉత్తరాలు ఆవిడ రేకు డబ్బాలో ఉన్నాయి. డబ్బా తాళంచెవి ఆవిడ మెడలో ఉంది. ఆ పంతొమ్మిది ఉత్తరాల మీద పేట మొత్తం ముప్పై ఏళ్ళు బతికింది.

అలాంటి టీచరు అరవై నాలుగో సంవత్సరం అక్టోబరులో, ఒక గురువారం నుంచి ఆదివారం దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. కూర్చుంటే లేచేది, లేస్తే వసారాలోకి వచ్చేది, వసారాలో మనిషిని చూసి మళ్ళీ లోపలికి పోయేది. వసారాలో ఉన్న మనిషి తాను యేసుపాదాన్నని చెప్పుకున్నాడు. అవునో కాదో ఆవిడకు తెలియలేదు. పోనీ తెలియలేదని ఊరుకోవడానికి లేదు. ఆదివారం అందరి ముందూ ఆవిడ నోటితో చెప్పాలి.

తెలియకపోవడంలో ఆవిడ తప్పేం లేదు. యేసుపాదం ఇరవై తొమ్మిదిలో, పదిహేడేళ్ళ వయసులో, రంగూనుకు కూలీలను కుదిర్చే ఒక మేస్త్రీ వెంట కాకినాడ పోయి ఓడెక్కాడు. అప్పటికి ప్రేమకుమారికి ఆరేళ్ళు. ఇంట్లో ఫొటో లేదు. అన్న ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ఆవిడకు ఒక వీపు మాత్రం గుర్తొచ్చేది. ఎండలో ఎవరో తనను వీపున వేసుకుని పరుగెత్తుతున్నారు. తన చెంపకు తడి చొక్కా అంటుకుంటోంది. అంతే. వీపును బట్టి మనిషిని గుర్తుపట్టడం ఎవరి తరం, అందులోనూ ముప్పై అయిదేళ్ళు బస్తాలు మోసి వంగిపోయిన వీపును.

మొదటి ఉత్తరం ముప్పై ఒకటిలో వచ్చింది. అప్పటికి పిల్ల ఎనిమిదేళ్ళది, మిషన్ బడిలో అందరికంటే గడగడ చదివేది. తల్లి దేవమ్మకు అక్షరం రాదు. ఇంట్లో ఒకసారి తల్లికి చదివి వినిపించాక, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో ముక్కాలిపీట ఎక్కించి చదివించారు. సూలే గోపురం, ఎనిమిది మూలలు, చుట్టూ దీపాలు. జనం ప్రసంగం కూడా అంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. మూడో ఉత్తరానికి పాదిరిగారికి కోపం వచ్చింది. దేవుడి మందిరంలో నిలబడి వేరే గుళ్ళ గొప్పలు చదవడమేమిటన్నారు. ఇవి గుళ్ళు కావయ్యగారూ, భూగోళం అని ఎవరో అన్నారు. చివరకు లోపల వద్దు, వసారాలో చదువుకోండి అని తీర్పయింది. అప్పటి నుంచి చర్చి వసారాలో ముక్కాలిపీట వెయ్యడం ఆ పేట ఆచారమైంది. కొత్త ఉత్తరం లేని వారం పాతదే చదివించుకునేవాళ్ళు. నలభై ఒకటి తర్వాత యుద్ధం వచ్చి ఉత్తరాలు ఆగిపోయినా చదవడం ఆగలేదు. దేవమ్మ కొడుకు కోసం కళ్ళు కాయలు కాసేలా చూసి యాభై మూడులో పోయింది. ప్రేమకుమారి అదే బడిలో టీచరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం పేటలో ఎవరికీ లేదు.

గురువారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు అతను వచ్చాడు. సత్తెనపల్లిలో రైలు దిగి, బస్సుకు నిలబడకుండా నడిచే వచ్చాడట. గళ్ళ లుంగీ, భుజాన దుప్పటి, చేతిలో పట్టీ కట్టిన రేకు పెట్టె. బడి గోడ దగ్గర ఆగి బొమ్మ వంక చూస్తున్నాడు. ఏటేటా నాలుగో తరగతి పిల్లలు ఆ గోడకు సున్నం కొట్టి, పసుపు కలిపి ష్వేడగాన్ గోపురం బొమ్మ వేస్తారు. ఇన్‌స్పెక్టరుగారు సైతం మెచ్చుకున్న బొమ్మ అది.

"ఇదేందమ్మా, గడ్డివామా?" అని అడిగాడు.

పిల్లలు పకపక నవ్వారు. టీచరుకు ఒళ్ళు మండింది. ఎవరు కావాలని అడిగింది. అతను ఆవిడ ముఖం వంక చూడలేదు. తల వంచుకుని ఆవిడ కాళ్ళ వంక చూశాడు. చీర కుచ్చిళ్ళు నేల జీరాడుతున్నాయి. కాళ్ళకు మూసి ఉండే కాన్వాసు బూట్లున్నాయి. ఆ రెండు బూట్ల వంక లెక్కపెడుతున్నట్టు చూసి, గట్టిగా ఊపిరి వదిలి, అప్పుడు పేరు చెప్పాడు.

ఎదుటి మనిషి ముఖం చూడలేనివాడి మాట నమ్మేదెలా అని ఆవిడ మనసులో ఆ క్షణానే ఒక ముల్లు పడింది.

బర్మాలో కొత్త సర్కారు మనవాళ్ళను ఉండనివ్వడం లేదని పత్రికల్లో వస్తూనే ఉంది. ఓడల నిండా కాందిశీకులు దిగుతున్నారు. ఇతనూ విశాఖపట్నంలో దిగి, శిబిరంలో రెండు నెలలున్నాడు. సొంతూరు ఫలానా అని చెబితే వాళ్ళు నమ్మరట. ఊరి మునసబూ, సంఘపెద్దా సంతకాలు పెట్టిన కాయితం కావాలట.

"మంగళవారం లోపల తీసకపోవాల టీచరమ్మగారూ," అన్నాడు. "లేకపోతే ఊరు లేనోళ్ళ జాబితాలో రాసి, ఎక్కడో అడవులు కొట్టి భూములిస్తన్నారంట, ఆడికి పంపుతారంట."

టీచరమ్మగారూ. చెల్లెల్ని పట్టుకుని గారూ అనే అన్న ఎక్కడైనా ఉంటాడా. ఆ మాట ఆవిడను రాత్రంతా పొడిచింది.

అన్నం పెట్టింది. పెడుతూనే అడిగింది, సింహాలు ఎంత ఎత్తుంటాయని. ఏ సింహాలమ్మా అన్నాడు. దక్షిణం మెట్లదారి అంది. తెలవదన్నాడు. ఏట్లో మునిగి మళ్ళీ పైకొచ్చిన పెద్ద గంట? తెలవదు. పడుకున్న బుద్ధుడు? విన్నా గాని చూళ్ళేదు. ముప్పై అయిదేళ్ళు రంగూనులో ఉన్నావు గదా, ష్వేడగాన్ చూడలేదా అంది. అతను ముద్ద కంచంలో పెట్టాడు.

"రేవులో నిలబడితే కనపడుద్ది. ఎండపడితే మెరుస్తది. అంతవరకే చూశా," అన్నాడు. తిన్న కంచం తనే కడిగి బోర్లించి వసారాలోకి పోయాడు.

శుక్రవారం బడికి సెలవు పెట్టింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో అది మూడో సెలవు. తలుపు దగ్గరికి వేసుకుని డబ్బా తెరిచి ఉత్తరాలన్నీ మంచం మీద పరిచింది. అయిదో ఉత్తరంలో గంట కథ ఎంత బాగుందో. ఇంగ్లీషువాళ్ళు గంటను దోచుకుపోతుంటే బరువుకు ఏట్లో మునిగిందట, వాళ్ళు ఎత్తలేక వదిలేశారట, అప్పుడు బర్మావాళ్ళు నీళ్ళలోకి దిగి దానికి వెదుళ్ళ కట్టలు కడితే తేలి పైకొచ్చిందట. ఇంత చూసినట్టు రాసినవాడు సింహాలు ఏవని అడుగుతాడా? ఒక్కొక్క ఉత్తరమే తీసి, ఎప్పుడూ ఆపే చోట ఆపి, మడిచి మళ్ళీ డబ్బాలో పెట్టింది. లేచి నీళ్ళు తాగింది. తాగిన చెంబు ఎక్కడ పెట్టిందో మరిచిపోయి వెతికింది. కొన్నాళ్ళ కిందట ఏటవతల ఎక్కడో ఇలాగే ఒకడు రంగూను నుంచొచ్చిన మొగుణ్ణని దిగి, పది రోజులు తిని, ఇత్తడి సామాను మూటగట్టుకుపోయాడని చెప్పుకున్నారు. ఇతను తన ఇంట్లో చెంబు ఎక్కడుందో కూడా చూడలేదు. మరెందుకొచ్చినట్టు? దొంగయితే బాగుండు, తరిమేయవచ్చు. అన్నయితే బాగుండు, ఏడవవచ్చు. ఏదీ కాకుండా వసారాలో కూర్చుని తాళ్ళు పేనుతున్నాడు.

శనివారం పొద్దున సంఘపెద్ద ఐజాక్, వెంట ఆరోగ్యమ్మా వచ్చారు. ఐజాక్ రైలు స్టేషనులో పనిచేసి రిటైరైనవాడు, యేసుపాదం ఓడెక్కాక ఈ పేటకు అల్లుడుగా వచ్చినవాడు, దేన్నైనా రూలు ప్రకారం చూస్తాడు. ఆరోగ్యమ్మకు డెబ్బై దాటాయి. యేసుపాదాన్ని చిన్నప్పుడు దగ్గరగా ఎరిగిన మనిషి పేటలో ఆవిడ ఒక్కతే మిగిలింది, కానీ కళ్ళకు శుక్లాలు.

"ఏం నాయనా, ఆ గంట మోగితే ఎట్టుంటదిరా?" అంది ఆరోగ్యమ్మ ఆశగా. ఆవిడకు ఆ గంటంటే ప్రాణం. ఆవిడ ఉత్తరం మళ్ళీ చదివించుకున్న ప్రతిసారీ గంట పైకొచ్చిన చోట చప్పట్లు కొట్టేది.

"తెలవదత్తా. రేవులో ఓడ కూతలే వినబడేయి," అన్నాడు.

ఆరోగ్యమ్మ ముఖం చిన్నబోయింది. ఐజాక్ గొంతు సవరించుకుని, రేపు ఆరాధనైనాక మునసబు నరసింహారావుగారు వస్తారనీ, పేట అవునంటేనే సంతకమనీ, తాను మాత్రం తెలియనిదానికి సంతకం పెట్టననీ చెప్పి పోయాడు. పోతూ టీచరును పక్కకు పిలిచాడు.

"నువ్వేమంటే అదేనమ్మా. నువ్వు కాదంటే కాదు," అన్నాడు. "ఆ డబ్బా గూడా తీసకరా. సాక్ష్యం ఉండాల."

ఆ సాయంత్రం ప్రేమకుమారి చేసిన పని తలచుకుంటే తర్వాత ఆవిడకే నవ్వొచ్చేది. పలకా బలపం తీసుకుని వసారాలోకి పోయి, ఆ మనిషి ఎదుట కూర్చుంది. రేపు అడుగుతారు, కొన్ని నేర్చుకో, నేను చెప్తానంది. అతనికి అన్నీ వచ్చేస్తే తాను అవుననీ కాదనీ చెప్పే బాధ తప్పుతుంది గదా అని ఆవిడ ఆశ. గోపురం గీసింది, నాలుగు దారులు గీసింది. అతను నాలుగో తరగతి పిల్లవాడిలా వేలు పెట్టి చూశాడు. కానీ సింహాలను తీసుకుపోయి సూలే దగ్గర పెట్టాడు, వెంట్రుకల గుడిని చెరువులో పెట్టాడు. మూడోసారి తప్పు చెప్పాక పలక మెల్లగా ఆవిడ వైపు జరిపాడు.

"వద్దు టీచరమ్మగారూ. చూడందాన్ని చూశానని ఎట్టా చెప్పేది? అది ప్రభాకరరావుకే చాతవుద్ది."

"ప్రభాకరరావు ఎవరు?"

"ఉత్తరాలు రాసినాయన."

బలపం ఆవిడ చేతిలో ఆగిపోయింది.

"నాకు రాతెక్కడొచ్చు," అన్నాడు అతను. "ఆయన ఓడ దిగిన దొరలకీ దొరసానులకీ ఊరు తిప్పి గుళ్ళు చూపించేవోడు. కాకినాడోడు. ఆదివారం మా గదికొచ్చి కూలోళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేది. గదిలో నలభై మందిమి. పగటి పనోళ్ళు లేస్తే ఆ చాపల మీదే రాత్రి పనోళ్ళు పడుకునేది. ఏం రాయమంటావురా అనేవోడు. ఏముంది రాయటానికి? బస్తా ఎత్తా, బస్తా దించా. అది రాస్తే అమ్మ ఏడుస్తదని నోరు మూసుకునేవోణ్ణి. అయితే నేను చూసింది రాస్తాలే, అన్నాడు. అందరికీ అట్టనే రాసేవోడు."

"పడుకున్న బుద్ధుడి గురించి ముప్పై ఆరులో రాశావు," అంది టీచరు.

"ఆ నెల్లో నేనే పడుకోనున్నా. బస్తా జారి నడుం మీద పడింది."

ఆవిడ లేచింది. అన్నీ ఆయనయి కావు టీచరమ్మగారూ, ఒక ముక్క మాత్రం, అని అతను ఇంకా ఏదో అంటున్నాడు. ఆవిడ వినలేదు. సందులోకి దిగి, బడి దాకా నడిచి, మిరపచేల గట్టున పడి, కాలవ తవ్వకాల దాకా పోయి, చీకటి పడే వేళకు వెనక్కు వచ్చింది. తన రంగూను ఎవరో ముక్కూమొహం తెలియని కాకినాడవాడిది. ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పింది, మా అన్న చూశాడని. ఇతను అన్నయితే ఉత్తరాలు అబద్ధం. ఇతను దొంగయితే ఉత్తరాలు నిజం. చెప్పొద్దూ, ఆ నిమిషాన ఆవిడ ఇతను దొంగే కావాలని కోరుకుంది. కోరుకున్నందుకు తనను తానే తిట్టుకుంది కూడా. కుడికాలు పక్కవాటున లాగుతుంటే పట్టించుకోకుండా నడిచింది.

ఆదివారం ఆరాధన ముగిసేసరికి చర్చి ఎదుట వేపచెట్టు కింద కుర్చీలో మునసబు నరసింహారావు కూర్చుని ఉన్నాడు. ఆయన పేటకు వస్తే కుర్చీ ఎప్పుడూ అక్కడే వేస్తారు. ఆయన వసారా ఎక్కడు, ఎక్కమని ఎవరూ అనరు. జనం వసారాలో నిలబడ్డారు. అందరి చెప్పులూ మెట్ల కింద ఉన్నాయి. చర్చిలో బూట్లు విప్పక తప్పదు గనక ప్రేమకుమారి అలవాటు ప్రకారం స్తంభం చాటున, కుడికాలు ఎడమకాలి వెనక పెట్టి నిలబడింది. ముక్కాలిపీట మీద రేకు డబ్బా ఉంది. యేసుపాదాన్నన్న మనిషి వసారా మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఐజాక్ ఒక్కొక్కటే అడిగాడు. అతను ఒక్కొక్కదానికే తెలవదన్నాడు. జనంలో గుసగుస మొదలైంది. వెనక ఎవరో, మా పిల్లగాడు చెప్తాడు గదా ఇదంతా అన్నారు.

"ముప్పై అయిదేళ్ళుండి ఆ పెద్దగుడి ఎక్కకపోవటం ఏందయ్యా?" అన్నాడు మునసబు. "పోనీ, ఎక్కబుద్ధి పుట్టలా?"

"పుట్టిందయ్యా," అన్నాడు అతను. "గుడి గదా. మాబోటోళ్ళని రానిస్తారో లేదో తెలవదు. అడిగి కాదనిపించుకోవటం ఎందుకని అడగలా. చానా ఏళ్ళకి ప్రభాకరరావు చెప్పాడు, అది ఎవురైనా ఎక్కొచ్చురా, చెప్పులిప్పితే చాలని. అప్పటికి నడుం పోయింది. మెట్లెక్కలేను."

మునసబు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాడు. పేటలో అందరికీ నోటికొచ్చిన ఆ నాలుగు మెట్లదారుల మొదట్లో ఆగిపోయిన మనిషి ఉంటాడని ఎవరికీ తోచలేదు.

"మరి ఉత్తరాల్లో చూశానని రాశావే," అన్నాడు ఐజాక్.

"అయ్యి నాయి కావు." అతను ప్రభాకరరావు సంగతి మళ్ళీ చెప్పాడు. ఆరోగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంట కూడా నీది కాదట్రా అంది చిన్నగా.

"ఆఖరున ఒక ముక్క నాదత్తా. ప్రతి దాంట్లోనూ అది పెట్టమని చెప్పి పెట్టించేవోణ్ణి. అది లేకపోతే ఉత్తరమే వద్దనేవోణ్ణి."

"ఏంది ఆ ముక్క?" అన్నాడు మునసబు.

"పాప కాలు ఎట్టుంది, అని."

ఐజాక్ తల అడ్డంగా ఊపాడు. అతని ముఖంలో జాలి కూడా ఉంది. "నాకు పంతొమ్మిదీ నోటికొచ్చయ్యా. అన్నీ, యేసునామమున అందరికీ వందనములు, అని ముగుస్తయ్. ఆ ముక్క ఏ ఉత్తరంలోనూ లేదు." వసారాలో అందరూ లేదు, లేదు అన్నారు. ముప్పై ఏళ్ళు విన్నవాళ్ళు, వాళ్ళకు తెలియదా. మునసబు లేవబోతూ ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు. మెట్టు మీది మనిషి వాదించలేదు. తల తిప్పి ప్రేమకుమారి వంక చూశాడు. మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశాడు.

స్తంభం చాటున ఆవిడ చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి పోయింది.

ఆ ముక్క ఉంది. వందనముల కింద, కాయితం అంచున, ప్రతి ఉత్తరంలోనూ ఉంది. మొదటి ఉత్తరం ఇంట్లో చదివినప్పుడు తల్లి అంది, అది అందరి ముందరా చదవబాకే, ఆడపిల్లవి, కాలి సంగతి మళ్ళీ మళ్ళీ జ్ఞాపకం చెయ్యటం దేనికి, అని. ఆరేళ్ళప్పుడు కుడికాలి మీద నాపరాయి బండ పడి చివరి రెండు వేళ్ళూ పోయాయి. పెద్దయ్యాక అమ్మ చెప్పాల్సిన పని లేకపోయింది. తనే దాచింది. చూడటానికొచ్చినవాళ్ళు నడవమంటారని పెళ్ళే వద్దంది. ఉత్తరం ఆ చోట ఆపడం ఎంత అలవాటైందంటే, ఒంటరిగా చదువుకున్నా కళ్ళు వందనముల దగ్గరే ఆగిపోయేవి. మొన్న శుక్రవారమూ ఆగిపోయాయి. డబ్బా మరెవరూ ముట్టలేదు. ఆ ముక్క తల్లికి తెలుసు, ఆమె లేదు. తనకు తెలుసు. రాయించినవాడికి తెలుసు.

నోరు మూసుకుని నిలబడితే చాలు. మంగళవారానికి ఇతను ఎక్కడో అడవుల్లో ఉంటాడు. పేట రంగూను పేటకు ఉంటుంది, ఆవిడ కాలు చీర కింద ఉంటుంది. ఆవిడ నిజంగా అంత దూరమూ ఆలోచించింది. ఆలోచిస్తుండగానే ఇంకొకటి గుర్తొచ్చింది. ఉత్తరాలన్నిటికీ జవాబు రాసింది తనే. ఒక్కదాంట్లో కూడా కాలి సంగతి రాయలేదు. మేమంతా క్షేమం, వచ్చే ఉత్తరంలో సింహాల గురించి ఇంకా రాయవలెను, అని రాసింది. అతను అన్నిసార్లు అడిగింది అందుకేనన్న మాట.

ఆవిడ స్తంభం వదిలి వచ్చి మెడలో తాళంచెవి తీసి డబ్బా తెరిచింది.

"ఉంది," అంది. "నేనే చదవలేదు."

ఆవిడ ముక్కాలిపీట ఎక్కలేదు. మొదటి ఉత్తరం విప్పి, గోపురాలన్నీ వదిలేసి, కింద అంచున వేలు పెట్టి చదివింది. ముప్పై ఒకటి, జులై. పాప కాలు ఎట్లున్నది. ముప్పై రెండు, మార్చి. పాప కాలు ఎట్లున్నది, నడచుచున్నదా. ముప్పై మూడు. పాప కాలు సంగతి తెలియజేయవలెను. ముప్పై ఆరు, నడుము విరిగి పడుకున్న నెల. పాప కాలు ఎట్లున్నది. ఒక్కొక్కటి చదివి ఐజాక్ చేతికిస్తూ పోయింది. రైల్వే మనిషి గనక అతను ప్రతిదీ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి తల ఊపాడు. పంతొమ్మిదోది నలభై ఒకటి, నవంబరు. పాప కాలు సంగతి ఎవరును వ్రాయరేమి.

దాన్ని ఐజాక్‌కు ఇవ్వలేదు, తన చేతిలోనే ఉంచుకుంది. మాట ఆరోగ్యమ్మ అందుకుంది.

"బండ పడింది గదమ్మా ఆ పిల్ల కాలి మీద. వీడే వీపునేసుకోని ఆసుపత్రికి ఉరికాడు."

"పడలేదత్తా," అన్నాడు యేసుపాదం. "నేనే జారవిడిచా. ఆటకి, ఎత్తగలను చూడు పాపా అని ఎత్తా. అయ్య కొట్టాడు. కొట్టినందుకు పోలా నేను. ఆసుపత్రిలో కాలు తీసేయాల్సొస్తదేమో అన్నారు, అది చూడలేక పోయా. తర్వాత ఎన్నిసార్లు అడిగించినా ఒక్కరూ చెప్పలా. చెప్పకపోతే తీసేసినట్టే గదా అనుకున్నా, యుద్ధం తర్వాత అడిగించటమూ మానేశా. కుంటిపిల్లని చేసి ఏ మొహం పెట్టుకోని రాను?"

గురువారం ఈ మనిషి తన బూట్ల వంక ఎందుకు చూశాడో, రెండూ ఉన్నాయని ఊపిరి ఎందుకు వదిలాడో ప్రేమకుమారికి ఇప్పుడు తెలిసింది. పేట మొత్తం చూస్తుండగా, మునసబు చూస్తుండగా, ఆవిడ కుచ్చిళ్ళు జానెడు పైకి పట్టుకుని కుడికాలు వసారా అంచున, ఎండలో పెట్టింది. మూడు వేళ్ళ పాదం, పక్కన ముడతపడిన మచ్చ. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఎవరికీ చూపించని కాలు. యేసుపాదం మెట్టు మీద గొంతుక్కూర్చుని, ముట్టుకోకుండా, చాలాసేపు చూశాడు.

"ఎట్టుంది పాపా?" అన్నాడు.

వేపచెట్టు కింద మునసబు కలం అడుగుతున్నాడు. ఎవరో సిరా తెస్తున్నారు. ఆవిడకు అదేదీ వినిపించలేదు. బడిలో మాట్లాడే మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"బాగుందన్నయ్యా," అంది. "బానే నడుస్తన్నా. వానాకాలంలో మాత్రం కొంచెం లాగుద్ది."